గేర్లు నావి, చక్రాలు మా సడ్డకునివి

మా సడ్డకుడు గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతిసారీ నాకు ఒక పెన్ను తెస్తాడు. సడ్డకుడంటే తోడల్లుడు. మా ఇద్దరి భార్యలూ అక్కచెల్లెళ్లు. నాది పెద్దామె, అతనిది చిన్నామె. మిగతా అందరికీ ఏవేవో తెస్తాడు. అత్తమ్మకు దుప్పటి, మామకు టార్చిలైటు, ఆడవాళ్లకు సెంటు సీసాలు. నాకు మాత్రం పెన్ను. "అన్న సదువుకున్నోడు గదా" అంటాడు. ఈ కథ నాటికి ఆరు పెన్నులయ్యాయి. పదో తరగతి తప్పినవాడు ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసినవాడికి ఆరు పెన్నులు ఇచ్చాడంటే, చదువు మీద గౌరవం మా ఇద్దరిలో అతనికే ఎక్కువని ఒప్పుకోవాలి.

నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఎండాకాలం సెలవుల్లో కూడా ఎంట్రన్సు కోచింగు ఉంటుంది. ఉండేది కోరుట్లలో, అత్తగారి ఇంటి వెనక వీధిలో. పుట్టింది సిరిసిల్లలో. మా బాపు నలభై ఏళ్లు సాంచాల మీద పనిచేశాడు. మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు. కొడుకు సాంచాల దగ్గరికి పోకుండా చదువుకోవాలని ఆయన కోరిక. అది తీరింది. సాంచాల దగ్గరికి పోలేదు, ఇంకెక్కడికీ కూడా పోలేదు. నాతో ఆడుకున్నవాళ్లలో సగం మంది సాంచాల పనికి మహారాష్ట్రలోని భివండి పోయారు. కోరుట్లలోనైతే ఇంటికొకరు దుబాయో మస్కటో పోయారు. నేను రోజూ పొద్దున జగిత్యాల పోయి సాయంత్రానికి వచ్చేస్తాను. దీన్ని వలస అని ఎవరూ అనరు. నా కోసం బస్టాండుకు వచ్చి ఎవరూ ఏడవరు కూడా.

ఈర్ష్య అనే మాట నేను తేలిగ్గా వాడను. కొన్ని చిన్న విషయాలు నన్ను కాస్త ఇబ్బంది పెట్టేవి, అంతే. మూలుగ బొక్క సంగతి తీసుకోండి. అత్తగారింట్లో మటన్ వండిన రోజు మూలుగ ఉన్న బొక్క, అంటే ఎముక, ఒకటో రెండో వస్తుంది. సడ్డకుడు ఊళ్లో లేనన్నాళ్లూ అది నా పళ్లెంలో పడేది. పెద్దల్లుణ్ని, ఫ్యూజు పోతే వేసేది నేనే. అతను సెలవు మీద వచ్చిన రోజు నుంచి ఆ బొక్క దారి మార్చుకునేది. అత్తమ్మ గరిటె నా పళ్లెం మీదుగా, ఎక్కడా ఆగకుండా, అతని పళ్లెం దాకా పోయేది. "గా ఎడారిల ఏం తింటడో ఏమో" అనేది. జగిత్యాల బస్టాండులో నేనేం తింటానో ఆమె ఎన్నడూ అడగలేదు. బొక్క నాకు ముఖ్యం కాదు. నా పళ్లెం దగ్గర గరిటె వేగం కొంచెమైనా తగ్గకపోవడం గమనించాను, అంతే.

మా వైపు గల్ఫ్ ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. సంపాదన అక్కడి నుంచి వస్తుంది, తెలివి మాత్రం ఇక్కడ చుట్టాల్లో చదువుకున్నవాడు ఎవడో ఇవ్వాలి. ఫ్రిజ్ ఏది తీసుకోవాలి, బోరుకు ఎంత మోటారు పెట్టాలి, ఇంట్లో టైల్సు వేయాలా బండలు పరచాలా, అన్నీ ఫోనులో అడుగుతారు. "నాకేం ఎర్కన్న, నువ్వే చూసి తీస్కో" అనేవాడు మా సడ్డకుడు. నేను చూసి తీసుకునేవాణ్ని. మరదలి ఇంట్లో నేను ఎంపిక చేయని వస్తువు లేదు. ఆ వస్తువుల్లో ఒక్కటీ మా ఇంట్లో లేదు. పెళ్లిళ్లు కుదిర్చే బ్రహ్మచారి బతుకు నాది.

ఆ యేడు అతను ఎండాకాలంలో, యాసంగి వడ్లు కోసే రోజుల్లో దిగాడు. పండగ లేదు, పెళ్లి లేదు. ఎప్పుడూ తాళ్లతో బిగించిన రెండు పెద్ద అట్టపెట్టెలు వచ్చేవి. ఈసారి భుజానికి ఒక్క సంచి. దుప్పటి లేదు, సెంటు లేదు. పెన్ను కూడా లేదు. బస్టాండులో సంచి అందుకుందామని నేను మర్యాదకు చెయ్యి చాపితే, అతను మర్యాదకైనా వద్దనకుండా ఇచ్చేశాడు. కుడిచెయ్యి గుండెల మీద పెట్టి, అక్కడి షేకుల మాదిరి తల కొద్దిగా వంచాడు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులోంచి తీయనేలేదు. ఓహో, మేం సామాన్లు మోసే దాకా వచ్చిందన్నమాట, అనుకున్నాను.

మూడు వారాలు ఆ చెయ్యి ఆ జేబులోనే ఉంది. నడిచినా జేబులోనే, నిలబడ్డా జేబులోనే. ఎండ పేలిపోతున్నా నిండు చేతుల చొక్కా. స్టైలు కొడుతున్నాడని నిర్ణయించుకున్నాను. ఆ స్టైలు నాకెందుకు రాదని ఒకరోజు అద్దం ముందు ప్రయత్నించాను కూడా. జేబులో చాక్‌పీసు ముక్కలు తగిలాయి.

వచ్చిన అయిదో రోజు మా గడపలో కూర్చుని అన్నాడు: "అన్నా, కారు తీస్కుందామనుకుంటున్న."

"కారా?"

"చిన్నదే. రోజు పోయి రానీకి. కని జెర ఊపుండాలె. రిటైరైనోళ్ల కారు లెక్క ఉండొద్దు. నువ్వే చూడు మరి."

రెండు నెలల సెలవు మీద వచ్చానని చెప్పుకుంటున్నవాడికి రోజూ పోయి రావడానికి కారెందుకు? ఎవరైనా అడగవలసిన ప్రశ్న. నేను అడగలేదు. జవాబు నాకు తెలుసనుకున్నాను. రోజూ పోయి వచ్చేది నేను. అతను రెండు నెలల్లో మళ్లీ విమానం ఎక్కుతాడు. మరదలికి డ్రైవింగు రాదు. మామ కల్లు గీసిన మనిషి. తాడిచెట్టు ఎక్కమంటే ఇప్పటికీ ఎక్కుతాడు గాని, కారెక్కితే కళ్లు తిరుగుతాయంటాడు. ఇక మిగిలింది ఎవరు? బండిని ఊరికే నిలబెడితే బ్యాటరీ చచ్చిపోతుంది. ఎవరో ఒకరు రోజూ దాన్ని జగిత్యాల దాకా తిప్పి తేవాలి. ఆ బరువు మోయడానికి నేను లోలోపల సిద్ధపడిపోయాను.

కాబట్టి ఆ కారు నేను అతని కోసం వెతకలేదు. షోరూముకు పోయే రోజు గడ్డం గీక్కుంటుంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"కారు కొనేది ఆయన. నువ్వెందుకు పెండ్లికొడుకు లెక్క తయారైతున్నవ్?"

"సలహా ఇచ్చేటోడు నీటుగ ఉండాలె."

"సలహా ఇయ్యి. తాళం చెయ్యి మాత్రం ఇచ్చి రా."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను తప్పుగా అర్థం చేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కోసారి చూస్తే బాగుండుననిపిస్తుంది.

జగిత్యాల షోరూములో మేం ముగ్గురం: సడ్డకుడు, మరదలు, నేను. కారు చూడగానే నేను దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. ఎర్రటి రంగు. పొట్టిది, వెడల్పు భుజాలది. వెనక డిక్కీ మీద చిన్న రెక్క. కాలేజీ గేటు ముందు అది ఆగినట్టు, వాచ్‌మన్ లేచి నిలబడినట్టు నాకు స్పష్టంగా కనిపించింది. ఆ కారులో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలుది, క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చేది. రెండోది ఆటోమేటిక్, గేర్లు అదే మార్చుకుంటుంది, క్లచ్ ఉండదు. నడిపి చూడమని సేల్స్‌మన్ ముందు ఆటోమేటిక్ తాళం ఇచ్చాడు.

సడ్డకుడు దర్జాగా తలుపు తీసి కూర్చున్నాడు. ఎదురుగా స్టీరింగు లేదు. అతను గల్ఫ్‌లో లారీ డ్రైవరు, అక్కడ బండ్లకు స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. పన్నెండేళ్ల అలవాటు కాళ్లను ఆ తలుపుకే నడిపించింది. సేల్స్‌మన్ నవ్వాడు, అతనూ నవ్వాడు. నేను అందరికన్నా కొంచెం ఎక్కువ సేపు నవ్వాను.

"ఇక్కడంత ఉల్టా గదన్న" అన్నాడు దిగి, ఇటువైపు వస్తూ.

ధర్మపురి రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడిపాడు. బాగా నడిపాడు, అది నేను కాదనను. కుడిచెయ్యి ఒక్కటే స్టీరింగు మీద, ఎడమ చెయ్యి ఒళ్లో. ఒక్క చేత్తో! సినిమాల్లో నడిపినట్టు. వెనక సీట్లో కూర్చుని ఆ ఒక్క చెయ్యిని చూస్తుంటే నాకు పుట్టిన భావానికి ఇబ్బంది అనే మాట సరిపోదేమో.

తర్వాత గేర్ల బండి. "నువ్వు నడుపన్న, నేను చూస్త" అన్నాడు. నేను నడిపాను. డ్రైవింగు నేను కాలేజీ వ్యాను మీద నేర్చుకున్నవాణ్ని. దాని గేరు వేయాలంటే ముందు దాన్ని బతిమాలాలి. ఈ బండిలో గేరు రెండు వేళ్లకు పలికింది. రెండో గేరులో ఇంజను గొంతు సవరించుకుంది, మూడో గేరులో పాట అందుకుంది. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద టార్కు అని రాసి చెరిపేస్తున్నాను. అది నడుముకు తగలడం అదే మొదటిసారి. పక్క సీట్లో అతను నన్నే చూస్తూ కూర్చున్నాడు.

"మంచిగ నడుపుతున్నవన్న" అన్నాడు.

షోరూముకు తిరిగి వచ్చాక అన్నాడు, "నాకైతే గేరు లేనిదే మంచిగనిపించిందన్న."

మరదలు వెంటనే అందుకుంది. "అవ్ బావా, గేరు లేనిదే తీపియ్యవా. ఆయనకు సుకముంటది."

ఆమె ఏదో చెప్పబోతున్నట్టు నా వైపు ఒక క్షణం ఎక్కువ చూసింది. ఆయన సుఖం కోసం చూస్తోందనుకుని, మా ఇంట్లో నా సుఖం గురించి ఎవరూ ఇలా మాట్లాడరని మనసులో నోట్ చేసుకున్నాను. తర్వాత నా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆటోమేటిక్ అయితే మైలేజీ పడిపోతుందన్నాను. రిపేరు వస్తే కోరుట్లలో దాన్ని విప్పే మెకానిక్కు లేడన్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఆలోచిస్తూ నిలబడుతుందన్నాను. సేల్స్‌మన్ "అలా ఏం లేదు సార్" అనబోతే చాక్‌పీసు చూపించినట్టు వేలు చూపించాను. సడ్డకుడు అన్నీ విని, "అయినా గాని..." అన్నాడు. అప్పుడు నేను ఆ మాట అన్నాను. నవ్వుతూనే అన్నాను.

"తమ్మీ, గేరు లేని బండ్లు ముసలోళ్లకు, చెయ్యో కాలో సక్కగ లేనోళ్లకు చేసిండ్రు. పన్నెండేండ్లు గేర్ల లారీ నడిపినోనివి, నీకేం పుట్టింది?"

అతను గేరు కర్రను కాసేపు చూశాడు. మరదలు తల తిప్పుకుని గోడ మీది క్యాలెండరు చదవసాగింది.

"గంతేనంటవా" అన్నాడు.

"గంతే."

"అయితే గేర్లదే తీస్కుందాం."

చక్రాల దగ్గర మాత్రం నా ఆట సాగలేదు. రెండు రకాలు చూపించారు. ఒకటి చిన్న ఇనుప రిమ్ములు, లావాటి టైర్లు. రెండోది పెద్ద అల్లాయ్ రిమ్ములు, పల్చటి టైర్లు. నల్లగా, నక్షత్రాల్లాగా, బండి నిలబడి ఉన్నా ఉరుకుతున్నట్టు కనిపించేవి. నేను అల్లాయ్ వైపే నిలబడి, చక్రం బరువు తగ్గితే బండి ఎంత చురుగ్గా కదులుతుందో సూత్రంతో సహా వివరించాను. అతను ఒంగి ఒక్క బొటనవేలితో ఆ పల్చటి టైరు అంచు నొక్కాడు.

"గిది పన్జెయ్యదన్న. మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తరు, సుట్టూ రాళ్లు పేరుస్తరు. ఎదురుంగ ట్రాక్టరొస్తే మనం రాయి మీదికే ఎక్కాలె. గీ టైరు ఒక్క దెబ్బకు సీరుకపోతది, రిమ్ము వంగుతది. లావు టైర్లే."

"కని సూపు..."

"గేర్లు నీ ఇష్టం అన్న. సక్రాలు నా ఇష్టం."

పన్నెండేళ్లు టైర్ల మీద బతికినవాడు టైర్ల గురించి తన మాటే నెగ్గించుకోవడం నాకు కొంచెం అహంకారంగా తోచింది.

బండి ఇంటికి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, అత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. నిమ్మకాయల మీదుగా బండిని ముందుకు తీయవలసినవాడు యజమాని. అతను తాళం నా చేతిలో పెట్టాడు. "నువ్వే తియ్యన్న." ఆ రోజు నుంచి ప్రతిసారీ అంతే. నువ్వే నడుపన్న, నువ్వే తియ్యన్న. పది రోజులు నేను నడిపాను, అతను పక్కన కూర్చున్నాడు. ముందు రెండు రోజులు సంతోషించాను. మూడో రోజు అనుమానం వచ్చింది. కారు కొన్నవాడు ఎమ్మెస్సీ చదివిన డ్రైవరును కూడా పెట్టుకున్నట్టు లేదూ? తాళం నా చేతిలో ఉన్నా, బండి దిగగానే జనం చూసేది అతని వైపే.

ఒకరోజు నాతోపాటు జగిత్యాల దాకా వస్తానని, దారిలో మేడిపల్లి దగ్గర ఒక రైసుమిల్లు ముందు ఆపమన్నాడు. లోపలికి పోయి మిల్లు యజమానితో పది నిమిషాలు మాట్లాడి వచ్చాడు. వడ్లు అమ్మడానికేమో అనుకున్నాను. తన పొలం వడ్లు అమ్ముడై అప్పటికి వారమైందని నాకు తెలుసు. తెలిసి కూడా అదే అనుకున్నాను.

ఆ ఆదివారం సిరిసిల్ల పోదామని నేనే ప్రతిపాదించాను. బాపును చూసి చాలా రోజులైందన్నాను. అసలు కారణం వేరు. నేను పుట్టిన వీధిలో, ఆ ఎర్ర కారు స్టీరింగు ముందు కూర్చుని ఒకసారి కనిపించాలి. సడ్డకుడు వస్తానన్నాడు. రావద్దని చెప్పడానికి నాకు కారణం దొరకలేదు.

మా వీధిలో ఒకప్పుడు మాట వినిపించాలంటే అరవాలి. రెండు వైపులా సాంచాల చప్పుడు. మాకందరికీ గొంతులు పెద్దవి కావడానికి కారణం అదే. ఇప్పుడు ఆర్డర్లు లేక సగం షెడ్లకు తాళాలు. కారు తలుపు వేసిన చప్పుడు వీధి చివరి దాకా వినిపించింది. అరుగు మీద ఉన్న పక్కింటి కాక లేచి వచ్చాడు. ఆయన ఇద్దరు కొడుకులూ భివండిలో ఉన్నారు.

"ఏందిరా, కారు తీస్కున్నవా?"

నేను నవ్వాను. నవ్వడం అబద్ధం కిందికి రాదు.

"అవ్ కాకా, అన్నదే" అన్నాడు సడ్డకుడు, బండి అవతలి వైపు నుంచి దిగుతూ. "నేను ఊకె ఎంబడి అచ్చిన."

కాక నా భుజం తట్టాడు. ఆ తట్టు కోసమే అరవై కిలోమీటర్లు వచ్చాను. అది ఒక నిమిషం బాగానే ఉంది. తర్వాత, కారునే కాదు, కారు గొప్పను కూడా ఇతను ఇంత సులువుగా ఇచ్చెయ్యగలడని తట్టి, అతని మీద ఇంకో రకం కుళ్లు మొదలైంది.

ఇంట్లో అవ్వ చాయ తెచ్చింది. అమ్మను మేం అవ్వ అంటాం. చుట్టం వచ్చాడని కప్పూ సాసరూ తీసింది. సడ్డకుడు కుడిచేత్తో కప్పు ఒక్కటే అందుకున్నాడు. సాసరు అవ్వ చేతిలోనే ఉండిపోయింది. అది పట్టుకుని ఆమె ఒక్క క్షణం ఎటూ పోలేక నిలబడింది. మంచం మీద కూర్చున్న బాపు అతని జేబు వైపు చూశాడు. నేను మూడు వారాలు చూసిన జేబే.

"ఏ మిషన్ల పడ్డది కొడుకా?" అన్నాడు.

సడ్డకుడు నా వైపు చూశాడు, తర్వాత బాపు వైపు. కప్పు కింద పెట్టి, కుడిచేత్తో ఎడమ చెయ్యిని జేబులోంచి బయటికి తీశాడు. బాపు దాన్ని అందుకుని, బట్టలో తప్పు పోగు వెతికినట్టు, వెనక్కి తిప్పి ముందుకు తిప్పి చూశాడు. వేళ్లు అయిదూ ఉన్నాయి. అరచేతి నుంచి మణికట్టు దాకా కుట్ల గీత. బాపు వేలు చాపి "పట్టు" అన్నాడు. ఆ వేళ్లు వంగడానికి ప్రయత్నించి సగంలో ఆగిపోయాయి. బెల్టులో, చక్రంలో చెయ్యి పోయినవాళ్లను బాపు నలభై ఏళ్లు పక్కన పెట్టుకుని పనిచేశాడు. ఆయన బడికి పోలేదు.

"మిషన్ గాదు, బాపూ. లారీ డాలా" అన్నాడు సడ్డకుడు. "సామాన్ దించుతుంటే ఎనక తలుపు ఇడిసి మీద పడ్డది."

"మరి లారీ ఎట్ల నడిపినవ్?" అన్నాను నేను.

"అక్కడ గేరు కుడి చేతిది గదన్న. ఎడమ చెయ్యి ఊకె స్టీరింగు మీద ఆనిస్తే సాలు. రెండు నెలలు గట్లనే నడిపిన, ఎవ్వనికి ఎర్కలే. ఎన్క డాక్టర్ల పరీక్షల దొరికిన. వీసా తీసేసి, ఇంత చేతుల పెట్టి పంపిండ్రు. గీ చెయ్యి ఇచ్చిన బండే అన్న గది." గడప అవతల ఎర్రగా మెరుస్తున్న దాని వైపు గడ్డంతో చూపించాడు. "ఇక్కడ గేరు ఎడమ చేతికొచ్చె. మోటర్‌సైకిల్ క్లచ్ గూడ ఎడమ చేతికేనాయె. మేడిపల్లి మిల్లుల లారీలు చూసుకునే పని మాట్లాడుకున్న. రోజు పోయి రావాలె. బస్సుల పోవచ్చు, కాదంట లేను. కని డ్రైవర్ను అన్న. పక్క సీట్ల కూసునుడు నాకు అలవాటు లేదు."

పది రోజులు అతన్ని పక్క సీట్లో కూర్చోబెట్టినవాణ్ని నేను.

"షోరూంల ఎందుకు చెప్పలే?"

అతను చాయ తాగాడు. మరదలు క్యాలెండరు చదవడం నాకు గుర్తొచ్చింది. బాపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ చేతిని మెల్లగా అతని ఒళ్లో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో సిరిసిల్ల దాటాక అన్నాడు, "అన్నా, ఒక్కసారి నేను నడుపుత."

"ఎట్ల నడుపుతవ్?"

"క్లచ్ నేను తొక్కుత. నువ్వు గేరెయ్యి."

సీట్లు మారాం. అతను కుడివైపు, నేను ఎడమవైపు. గేరు కర్ర మీద నా కుడిచెయ్యి. ఇది ట్రాఫిక్ నియమాలకు సరిపోతుందా అనే ప్రశ్నను మేం లేవనెత్తలేదు. "ఒకటి" అన్నాడు. వేశాను. "రెండు" అన్నాడు. బండి కింద గిన్నెలు కిందపడ్డట్టు చప్పుడైంది.

"అన్నా, నేను తొక్కినంక వెయ్యాలె. నువ్వు ముందుగాల్నే గుంజుతున్నవ్."

"ఇరవై ఏండ్ల నుంచి క్లచ్ పాఠం చెప్తున్నరా నేను."

"బోర్డు మీద క్లచ్‌కు కాలు ఉండది గదన్న."

వేములవాడ దాటేసరికి కుదిరింది. అతను చెప్పకముందే మోకాలు కదలిక చూసి వేస్తున్నాను. అవతల ఒకచోట సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచున వరసగా రాళ్లు. సరిగ్గా అక్కడే ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. "రెండు" అన్నాడు. వేశాను. ముందు చక్రం రాయి ఎక్కి దడేలున దిగింది. బండి ఆపి, దిగి, వంగి టైరు చూశాడు. గీత కూడా పడలేదు. లేచి నా వైపు చూశాడు.

"సక్రాలు మంచియే" అన్నాను.

ఇంకొంచెం దూరం పోయాక, "తమ్మీ, షోరూంల నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

"ఏ మాటన్న? నాకు యాదికి లేదు" అన్నాడు. చాలా తొందరగా అన్నాడు. "మూడు."

మూడు వేశాను.

వానలు పడేదాకా అలాగే గడిచింది. పొద్దున కోరుట్లలో ఎక్కేవాళ్లం. అతను తొక్కేవాడు, నేను వేసేవాణ్ని. మేడిపల్లి మిల్లు దగ్గర అతను దిగిపోతే, అక్కడి నుంచి జగిత్యాల దాకా ఒక్కణ్నే నడుపుకుంటూ పోయేవాణ్ని. సాయంత్రం మళ్లీ ఎక్కించుకునేవాణ్ని. ఒకరకంగా నేను కోరుకున్నదే జరిగింది. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ నిజంగానే లేచి నిలబడ్డాడు. అతను లేవకపోయినా బాగుండేదనిపించింది. నాకు సెలవుండి అతనికి పని ఉన్న రోజు అతను బస్సులో పోయేవాడు. ఇంటి ముందు బండి నిలబడి ఉండేది, దాని డ్రైవరు బస్సులో నిలబడి పోయేవాడు. ఆదివారం కూడా మిల్లు ఉంటుంది. కాలేజీ ఉండదు.

ఒక ఆదివారం నేనే పోయి చెప్పాను. "బండి మార్చేద్దాం తమ్మీ. గేరు లేనిది తీస్కో."

"నీకెట్ల మరి?"

"నాకేంది?"

"నీకు గేర్ల బండంటే పానం గదన్న. ఆ దినం ధర్మపురి రోడ్డు మీద నువ్వు నడుపుతుంటే చూసిన. నువ్వు గట్ల నవ్వంగ నేనెన్నడు చూడలే. అందుకే ఇగ ఊకున్న."

నా ఉపన్యాసానికి లొంగిపోయాడనుకున్నాను. నా వెక్కిరింతకు నోరు మూసుకున్నాడని సిరిసిల్లలో తెలిసింది. అసలు సంగతి ఇది. మూడింటిలో ఇదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఇబ్బంది అనే మాటే ఉంచుతాను.

అదే షోరూముకు పోయాం. సేల్స్‌మన్ నన్ను గుర్తుపట్టి నా వేలు వైపు జాగ్రత్తగా చూశాడు. పాత బండి ఇచ్చి కొత్తది తీసుకుంటే కలిసొచ్చేదేమీ ఉండదు. అయినా తీసుకున్నాం. ఎర్రటిది దొరకలేదు, బూడిద రంగుది దొరికింది. వెనక రెక్క అలాగే ఉంది. ఆ రోజంతా నేను ఒక్కటే మాట మాట్లాడాను. చక్రాలు ఏవి అని అడిగినప్పుడు, "లావు టైర్లవే" అన్నాను.

ఇప్పుడు పొద్దున్నే నన్ను ఎక్కించుకుంటాడు. నేను పక్క సీటు. ఊళ్ల దగ్గర స్పీడ్‌బ్రేకరు వచ్చినప్పుడల్లా నా కుడిచెయ్యి దానంతటదే లేచి గేరు కోసం పోతుంది. "అన్నా, అక్కడ నీకేం పని లేదు" అని నవ్వుతాడు. మేడిపల్లిలో నన్ను దించుతాడు, అక్కడి నుంచి నేను జగిత్యాల బస్సు కోసం నిలబడతాను. మిల్లు రోడ్డుకు అవతలి వైపు. అతను బండిని ఒకసారి చుట్టూ తిప్పుకుని పోవాలి. ఎడమ చెయ్యి ఒళ్లో, కుడి అరచెయ్యి స్టీరింగు మీద చదునుగా ఆనించి, ఒకే ఊపులో, ఎక్కడా ఆగకుండా తిప్పి మిల్లు గేటులోకి పోతాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా అటే చూస్తారు. నేనూ చూస్తాను. అలా తిప్పడం నాకు రెండు చేతులతో కూడా రాదు.